న్యూట్‌కు ఒంట్లో బాగోలేనప్పుడు ఏం చేయాలి: హైదరాబాద్‌లో పెంచేవారి కోసం

పోయిన ఏప్రిల్‌లో ఒక పొద్దున లైటు వేసి చూస్తే మా అక్వేరియంలో మూడు న్యూట్‌లకు (బల్లిలా కనిపించే, కప్పకు చుట్టమైన చిన్న నీటి జీవులివి) రెండే ఉన్నాయి. మూత ఒక మూల వేలెడంత లేచి ఉంది. ఇల్లంతా గంటసేపు వెతికాం. చివరికి ఫ్రిజ్ వెనకాల, ఒళ్లంతా దుమ్ము, వెంట్రుకలు చుట్టుకుని, ఎండిన చింతపండు తొక్కలా దొరికింది మా బొట్టు. "పోయిందిలేమ్మా, తీసేయ్" అన్నారు అత్తమ్మ. నేనూ అలాగే అనుకున్నాను. తడి చేత్తో ఎత్తి కళ్ల దగ్గరికి తెచ్చుకుంటే, గొంతు కింద చర్మం సన్నగా ఒక్కసారి అదిరింది. కాసేపటికి మళ్లీ అదిరింది.

బొట్టు బతికింది. ఎలా బతికించుకున్నామో కింద రాస్తాను. అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఎవరైనా ఫోన్ చేసి "మా న్యూట్ తినట్లేదు, ఏ మందు వేయాలి" అంటే నేను మూడు విషయాలు అడుగుతాను. నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయి? ఆ నీళ్లు ఎక్కడివి? చివరిసారి ఎప్పుడు మార్చారు? మన ఊళ్లో న్యూట్‌లకు వచ్చే కష్టాలు చాలావరకు వేడి వల్లో, పాడైన నీళ్ల వల్లో మొదలవుతాయి. ఆ రెండూ అలాగే ఉంచి మందు పోస్తే, అసలే నీరసంగా ఉన్న ప్రాణి మీద ఇంకో భారం వేసినట్టే.

నేను రాస్తున్నది ఫైర్ బెల్లీ న్యూట్‌ల గురించి. నల్లటి వీపు, నిప్పుకణంలాంటి పొట్ట ఉన్న చైనా, జపాన్ జాతులివి. ఇంటికి వచ్చిన చుట్టాలు దీన్ని నీళ్ల బల్లి అంటారు. చూడటానికి బల్లిలాగే ఉన్నా ఇది కప్పకు చుట్టం. బల్లి ఒంటి మీద పొలుసులుంటాయి, న్యూట్‌కు ఉండేది పల్చటి తడి చర్మం. ఆ చర్మంతోనే కొంత ఊపిరి తీసుకుంటుంది, ఆ చర్మంతోనే నీళ్లు పీల్చుకుంటుంది. నీళ్లలో ఏది కలిస్తే అది నేరుగా దాని ఒంట్లోకి పోతుంది. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క సంగతి నుంచి వచ్చినవే.

ఆక్సొలాటల్ (న్యూట్‌కు చుట్టమైన ఇంకో నీటి జీవి) పెంచేవారికి కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. దానికి చల్లదనం ఇంకా ఎక్కువ కావాలి, 16 నుంచి 18 డిగ్రీల మధ్య. అది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉన్న జీవి కాబట్టి కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. డార్జిలింగ్ వైపు కొండల్లో ఉండే మన హిమాలయన్ న్యూట్‌ను మాత్రం ఎవరు అమ్మజూపినా తీసుకోకండి. అది వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్న జీవి.

అది నిజంగా జబ్బేనా?

కంగారు పడే ముందు పది నిమిషాలు దాని ఎదురుగా కూర్చుని కదపకుండా చూడండి. జబ్బులా కనిపించి జబ్బు కానివి కొన్ని ఉన్నాయి. ఒంటి మీద పల్చటి తెల్లటి పొర లేచి, న్యూట్ దాన్ని నోటితో లాగి మింగుతుంటే అది కుబుసం విడవడం. పాముల్లా ఇవీ విడుస్తాయి, కాకపోతే విడిచింది తినేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు చాలా టెన్షన్ వచ్చింది. ఫంగస్ అలా ఉండదు. ఏదో ఒక చోట, గాయం మీదో వేళ్ల చివరో, దూది అంటించినట్టు పట్టుకుంటుంది. నీళ్లు కదిలితే దాని పోగులు కూడా కదులుతాయి. రెండు మూడు రోజులు తిండి మానేయడం కూడా, మిగతా అంతా మామూలుగా ఉంటే, పెద్ద విషయం కాదు.

ఎప్పుడూ నీళ్లలో ఉండే న్యూట్ ఉన్నట్టుండి రాయి మీదికో గట్టు మీదికో ఎక్కి, రోజంతా దిగకుండా కూర్చుంటే మాత్రం వెంటనే నీళ్లు పరీక్ష చేయండి. చాలాసార్లు ఆ నీళ్లు మంటపుట్టిస్తుంటే అది బయటికి వచ్చేస్తుంది. కొత్తగా తెచ్చినవి కొన్ని వారాలు ఇలా బయటే కూర్చోవడం మామూలే. మీ దగ్గర అలవాటు పడినది చేస్తే అనుమానించాలి.

ఇంకో విషయం. కప్ప జాతికి వచ్చే ప్రమాదకరమైన బ్యాక్టీరియా జబ్బుల్లో పొట్ట మీద, తొడల లోపలి వైపు చర్మం ఎర్రబారుతుంది. ఫైర్ బెల్లీ న్యూట్ పొట్ట సహజంగానే ఎర్రన, అందువల్ల ఆ గుర్తు దాక్కుంటుంది. అందుకే ఒంట్లో బాగున్నప్పుడే గాజు పెట్టెలో పెట్టి కింది నుంచి ఒక ఫొటో తీసి ఉంచుకోండి. ఆ నల్లమచ్చల ముగ్గు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది. అనుమానం వచ్చిన రోజు మళ్లీ తీసి పక్కన పెట్టి పోల్చండి. ముఖ్యంగా కాలివేళ్ల మధ్య, తొడ మడతల్లో, పొట్ట మీది నల్లమచ్చల అంచుల్లో కొత్త ఎరుపు ఉందేమో చూడండి.

ఒళ్లు బుడగలా ఉబ్బడం, వెల్లకిలా పడి తిరగబడలేకపోవడం, నోరు తెరిచి ఆయాసపడటం, ఒళ్లు మెలితిరిగి కొట్టుకోవడం, పేగు బయటికి రావడం, ఎర్రటి మచ్చలు గంటల్లో పెరగడం. వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ప్రయోగాలు వద్దు. కింద చెప్పినట్టు డబ్బాలోకి మార్చి ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మొదటి అరగంట: వేరు చేయండి

దీనికి కావలసింది ఐదు లీటర్ల తెల్లటి ప్లాస్టిక్ డబ్బా, బిగుతుగా పట్టే మూతతో. కాల్చిన సూదితో మూతకు ఇరవై ముప్ఫై చిల్లులు పెట్టండి. డబ్బా కొత్తదైనా సబ్బుతో కడగొద్దు, వేడినీళ్లతో రెండుసార్లు కడిగితే చాలు. తెల్లటి డబ్బాయే ఎందుకంటే మలం, రక్తపు చుక్క, ఊడిన చర్మం ఏది పడినా వెంటనే కనిపిస్తుంది.

మీ చేతులు కూడా ముందు కడుక్కోవాలి. సబ్బు వాడితే ఆ జిడ్డు, వాసన పూర్తిగా పోయేదాకా కడిగి, క్లోరిన్ లేని నీళ్లతో తడిపి అప్పుడు పట్టుకోండి. శానిటైజర్, హ్యాండ్ క్రీమ్, కొబ్బరినూనె ఉన్న చేయి అస్సలు తగలకూడదు. చేపల వల కన్నా ఒక గిన్నె నయం. గిన్నెను నీళ్లలో ముంచి న్యూట్‌ను అందులోకి తోలితే గోళ్లు, వేళ్లు వలలో చిక్కుకునే బాధ ఉండదు. పని అయ్యాక మళ్లీ చేతులు కడుక్కోండి, కళ్లు నలుపుకోకండి. ఈ న్యూట్‌ల చర్మంలో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. పఫర్ చేపలో ఉండేదీ అదే. ముట్టుకుంటే ఏమీ కాదు, నోట్లోకి, కంట్లోకి, తెగిన వేలిలోకి పోకూడదు. పిల్లలకు ఈ మాట బాగా నొక్కి చెప్పాలి.

డబ్బాలో నీళ్లు ఎంత పోయాలన్నది న్యూట్ ఓపికను బట్టి ఉంటుంది. చురుగ్గా ఈదుతుంటే నాలుగైదు సెంటీమీటర్లు, పట్టుకుని ఎక్కడానికి ఒక ప్లాస్టిక్ ఆకు. నీరసంగా ఉంటే వీపు తడిసేంత మాత్రమే. వీటికి ఊపిరితిత్తులున్నాయి, తల ఎత్తలేని స్థితిలో లోతు నీళ్లలో వదిలితే మునిగి చనిపోతాయి. మరీ ఓపిక లేకపోతే నీళ్లే వద్దు, వాసన లేని తెల్లటి టిష్యూ పేపర్ నాలుగు పొరలు తడిపి పరిచి, పైన ఇంకో తడి ముక్కను వదులుగా కప్పండి. డబ్బా మీద గుడ్డ వేసి చీకటి చేయండి. నీళ్లు కానీ టిష్యూ కానీ రోజూ మొత్తంగా మార్చాలి. పెద్ద అక్వేరియంలో నీళ్లు కొద్దికొద్దిగా మారుస్తాం. ఈ డబ్బాలో ఫిల్టర్ ఉండదు కాబట్టి పూర్తిగా మార్చాల్సిందే.

నీళ్ల సంగతి

మనకు నల్లాలో వచ్చే కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లలో క్లోరిన్ కలుపుతారు. మనకు అది మంచిదే, న్యూట్ చర్మానికి మాత్రం మంట. వెడల్పాటి బకెట్‌లో మూత లేకుండా ఒక రోజంతా ఉంచి, ఎయిర్ పంపు ఉంటే బుడగలు పెడితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరైతే అక్వేరియం షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ వాడండి. స్ఫటికాల్లా దొరికే హైపో కూడా అలాంటిదే, సోడియం థయోసల్ఫేట్. కలబంద కలిపిన వాటర్ కండిషనర్లు చేపల కోసం చేసినవి, అవి వద్దు. ఆర్ఓ నీళ్లు, ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు శుభ్రంగా ఉంటాయి కాబట్టి మంచివనుకుంటారు. వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. రోజూ వాటిలోనే ఉంచితే ఒంట్లోని లవణాలు బయటికి పోతూ ఉంటాయి.

ఎండాకాలంలో ఇంకో ప్రమాదం మేడ మీద ట్యాంకు. మే నెల మధ్యాహ్నం కుళాయి తిప్పితే చేయి కాలేంత నీళ్లొస్తాయి, అవి మర్చిపోయి కూడా పోయకూడదు. తెల్లారుజామున పట్టి, ఇంట్లో చల్లగా ఉండే మూల పెట్టుకుని వాడాలి.

ఇప్పుడు అసలు శత్రువు అమోనియా. న్యూట్ మలమూత్రాలు, తినకుండా వదిలేసిన పురుగులు కుళ్లి అమోనియా అవుతాయి. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కాస్త ఉన్నా తట్టుకుంటాయి. మొదటి రెండూ సున్నా ఉండాల్సిందే. చుక్కల టెస్ట్ కిట్ ఒకటి కొని ఇంట్లో పెట్టుకోండి, మందుల కన్నా ముందు కొనాల్సింది అదే. గొట్టంలో నీళ్లు తీసి చుక్కలు కలిపాక నిమ్మపండు పసుపు ఉంటే అమోనియా లేదు. పచ్చ వైపు తిరిగే కొద్దీ ఉన్నట్టు. ఆ రంగును ట్యూబ్‌లైటు కింద కాకుండా కిటికీ దగ్గర పగటి వెలుగులో చూడండి. పసుపుకూ లేత పచ్చకూ తేడా అప్పుడే సరిగ్గా తెలుస్తుంది.

బోరు నీళ్లు వాడేవాళ్లకు ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. మన రాతినేల బోరు నీళ్లు గట్టిగా, క్షారంగా ఉంటాయి. పీహెచ్ (నీళ్లు ఎంత క్షారంగా ఉన్నాయో చెప్పే అంకె) 7 నుంచి 8కి పెరిగితే అదే అమోనియాలో విషంగా పనిచేసే భాగం సుమారు పది రెట్లవుతుంది. పైగా నీళ్లు 20 డిగ్రీల నుంచి 30కి వేడెక్కితే మళ్లీ దాదాపు రెట్టింపు. చలికాలంలో ఏమీ చేయని కొద్దిపాటి మురికి మేలో ప్రాణం తీయడానికి ఇదే కారణం.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. దసరాకు ఇల్లు కడిగేటప్పుడు పనమ్మ పాపం మంచి మనసుతో ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా రుద్దింది. స్పాంజిలోని బ్యాక్టీరియా మొత్తం క్లోరిన్‌కు చచ్చిపోయింది. ఐదో రోజుకు మూడు న్యూట్‌లూ నీళ్లు వదిలి రాయి మీద ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. టెస్ట్ చేస్తే ముదురు పచ్చ. మందు ఒక్క చుక్క వేయలేదు. రోజూ సగం నీళ్లు మార్చడం, తిండి తగ్గించడం, అంతే. మూడో రోజు అవే దిగాయి. ఆ తర్వాత ఫిల్టర్ మామూలయ్యేదాకా నెల పైనే పట్టింది. స్పాంజిని ఎప్పుడైనా అక్వేరియంలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. ఆ గోధుమరంగు మురికి ఉండాల్సిందే.

చల్లబరచడం

వీటికి హాయిగా ఉండేది 16 నుంచి 20 డిగ్రీలు. 22 దాటితే కన్నేసి ఉంచండి, 24 దాటితే ప్రమాదంలో ఉన్నట్టే. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, ఒంటికి అవసరమేమో ఎక్కువ, రోగనిరోధక శక్తి సన్నగిల్లుతుంది, బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. జబ్బు పడిన న్యూట్‌కు 16 నుంచి 18 దగ్గర ఉంచడం సగం వైద్యం.

చాలా ఇళ్లలో నీళ్లను చల్లబరిచే యంత్రం, చిల్లర్, ఉండదు, అది ఖరీదైన వస్తువు. న్యూట్‌ను వేరు చేసి పెట్టిన ఆసుపత్రి డబ్బా చిన్నది కాబట్టి దాన్ని చల్లగా ఉంచడం సులువు. నేను చేసేది ఇది: చేపల మార్కెట్లో వాడే థర్మాకోల్ పెట్టె అడుగున తడి గుడ్డ, దాని మీద న్యూట్ డబ్బా, పక్కన గుడ్డ చుట్టిన గడ్డకట్టిన నీళ్ల సీసా. పెట్టె మూత వారగా. ఫ్రీజర్‌లో నాలుగు సీసాలు వంతులవారీగా తిరుగుతుంటాయి. ఐస్ ముక్కలు నేరుగా నీళ్లలో వేయొద్దు. గంటకు రెండు డిగ్రీల కన్నా వేగంగా తగ్గించొద్దు, హఠాత్తుగా మారిన చలి కూడా దెబ్బే. డబ్బాలో చిన్న థర్మామీటర్ ఉండాలి. వేలు పెట్టి అంచనా వేస్తే తప్పుతారు, ఎందుకంటే మన చేతికి చల్లగా అనిపించే 26 డిగ్రీలు దానికి వేడి.

పెద్ద అక్వేరియానికి మూత తీసి, దోమతెర బిగించి, నీళ్ల మీదుగా చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. ఎయిర్ కూలర్ ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే. ఏప్రిల్, మే నెలల పొడిగాలిలో ఫ్యాన్‌తోనే మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. జూలైలో ముసురు పట్టాక గాలిలో తేమ వల్ల ఆ లాభం తగ్గిపోతుంది, అప్పుడు సీసాలే దిక్కు. ఆవిరైన నీళ్లకు బదులు పోసేటప్పుడు మాత్రం ఆర్ఓ నీళ్లు సరైనవి. ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు అడుగున మిగిలిపోతాయి కదా. ఏసీ గది ఉంటే అక్వేరియం అక్కడికి మార్చండి, కానీ కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో ముందే అనుకుని ఉండండి. ఫ్రీజర్‌లో ఆ నాలుగు సీసాలు ఎప్పుడూ నిండుగా ఉంచడం అందుకే.

గాయాలు, ఫంగస్, ఎండిపోవడం

బయటపడి ఎండిపోయిన న్యూట్ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే ఫైర్ బెల్లీలు తడి గాజు మీద నిలువుగా పాకగలవు. మూత కొంచెం సందు ఇస్తే చాలు. కదలట్లేదని పారేయకండి. గొంతు కింద చర్మం కేసి రెండు నిమిషాలు చూడండి. బొట్టును ఎత్తాక నేను ఒక సాసర్‌లో క్లోరిన్ లేని చల్లటి నీళ్లు ముక్కు మునగనంత పోసి పడుకోబెట్టాను. ఒంటికి చుట్టుకున్న వెంట్రుకలు వెంటనే లాగలేదు. అరగంట నానాక, దూది పుల్లతో నీళ్లు చిలకరిస్తూ ఒక్కొక్కటే జారిపోనిచ్చాను. పొడిగా లాగితే చర్మం కూడా వస్తుంది. ఒక వెంట్రుక ఎడమ చేతి వేళ్ల మీద బిగుసుకుని ఉంటే చిన్న కత్తెరతో రెండు చోట్ల తెంపాను. గంటకు తోక చివర కదిలింది. రెండు గంటలకు తల ఎత్తింది. సాయంత్రం టిష్యూ పరిచిన డబ్బాలోకి మార్చాను. నాలుగో రోజు వానపాము ముక్క తింది. ఆ వెంట్రుక చుట్టుకున్న వేలు మాత్రం నల్లబడి రాలిపోయింది.

అదేమీ దిగులు పడే విషయం కాదు. న్యూట్‌లకు వేళ్లు, కాళ్లు, తోక తిరిగి మొలుస్తాయి. కంటిలోని కటకం కూడా. జపాన్ న్యూట్‌ల మీద శాస్త్రవేత్తలు 16 ఏళ్లపాటు చేసిన ఒక ప్రయోగంలో కటకాన్ని 18 సార్లు తీసేసినా ప్రతిసారీ కొత్తది వచ్చింది. 2011లో ఆ ఫలితాలు ప్రచురించారు. వయసు మళ్లినా ఆ శక్తి తగ్గలేదు. కాబట్టి తోటి న్యూట్ కొరికి వేలు పోయినా, కాలు తెగినా కట్టు కట్టనక్కర్లేదు, కుట్లు అక్కర్లేదు. చల్లటి శుభ్రమైన నీళ్లు, ఒంటరితనం, తిండి ఉంటే వారాల నుంచి నెలల్లో అదే వస్తుంది. తెగిన చోట ముందు గుండ్రటి లేతరంగు మొగ్గలా లేస్తుంది, దాన్ని కురుపు అనుకుని గోకకండి. ఈలోపు అక్కడ ఫంగస్ పట్టకుండా చూడటమే మన పని.

దూదిలాంటి ఫంగస్ మొదలైతే ఉప్పునీటి స్నానం చేయించవచ్చు. లీటరు క్లోరిన్ లేని నీళ్లకు 10 గ్రాముల అయోడిన్ లేని ఉప్పు. దొడ్డు ఉప్పు అయినా ప్యాకెట్ మీద చూసి తీసుకోండి, ఈ మధ్య వాటిలోనూ అయోడిన్ కలుపుతున్నారు. పూర్తిగా కరిగాక, డబ్బాలోని నీళ్లంత చల్లదనంలో ఉన్నప్పుడు, పది నిమిషాలు మాత్రమే. పక్కనే కూర్చోవాలి. కొట్టుకున్నా, బయటికి ఎగబాకినా ఆ క్షణమే తీసేయండి. రోజుకు ఒక్కసారి, మూడు రోజులు. తగ్గకపోతే నాలుగో రోజు పొడిగించకుండా డాక్టర్‌కు చూపించండి. మన వీధుల్లో ఉండే బాదం చెట్టు ఎండుటాకు ఒకటి కడిగి డబ్బాలో వేస్తే నీళ్లు లేత టీ రంగుకు వస్తాయి, అది ఫంగస్‌ను కొంచెం అదుపులో ఉంచుతుంది. ట్రాఫిక్ పొగ, పురుగుమందు తగలని చెట్టు ఆకు చూసుకోండి.

గులకరాయి మింగడం గురించి కూడా ఒక మాట. షాపుల్లో అక్వేరియంతో పాటే ఇచ్చే రంగురంగుల చిన్న రాళ్లు న్యూట్ నోటిలో పట్టేంత ఉంటే తీసేయండి. పురుగుతో పాటు మింగితే పేగులో ఇరుక్కుంటాయి. పొట్ట ఒక పక్క గట్టిగా ఉండి, వారం నుంచి మలం లేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. రాయి బయటికి వచ్చేస్తుందని కొందరు న్యూట్‌ను ఫ్రిజ్‌లో పెట్టమని చెబుతారు. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా నేనైతే పెట్టను.

వద్దన్నవి

పసుపు రాయకండి. మన ఇళ్లలో గాయం అనగానే చేయి పసుపు డబ్బా మీదికే పోతుంది, ప్రేమతోనే. ఆ పొడి తడి చర్మానికి అంటుకుని ఊపిరి ఆడనివ్వదు. యాంటీసెప్టిక్ లోషన్లు, మనుషుల ఆయింట్‌మెంట్లు, నొప్పి తగ్గించే క్రీములు అంతకన్నా హాని. చేపల మందుల్లో మాలకైట్ గ్రీన్, ఫార్మలిన్, రాగి ఉన్నవి వీటి ప్రాణం తీయగలవు. షాపువాళ్లు "నీళ్లలో ఉండేవాటన్నిటికీ పనిచేస్తుంది" అన్నా సీసా మీద ఏముందో చదవండి.

దోమల మందు చాలామందికి తట్టదు. కాయిల్స్, లిక్విడ్ మెషీన్లు, స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్ మందులు నీటి జీవులకు తీవ్రమైన విషం. న్యూట్ ఉన్న గదిలో అవి వాడొద్దు. సాయంత్రం వీధిలో మున్సిపాలిటీవాళ్ల పొగ బండి శబ్దం వినిపిస్తే ముందు కిటికీలు మూసి, ఎయిర్ పంపు ఆపి, అక్వేరియం మీద తడి దుప్పటి కప్పండి. పొగ పోయాక పంపు వేయండి. ఎయిర్ పంపు గదిలోని గాలినే నీళ్లలోకి నెడుతుందని గుర్తుంచుకోండి.

తిండి

జబ్బుగా ఉన్నప్పుడు మొదటి రెండు రోజులు తిండి పెట్టకపోయినా ఏమీ కాదు. తర్వాత చిన్న వానపాము ముక్కను చివర గుండ్రంగా ఉన్న పట్టకారుతో ముక్కు ముందు మెల్లగా ఆడించండి. వానపాముకు మించిన పథ్యం లేదు. వర్మీకంపోస్ట్ అమ్మేచోట దొరికే సన్నటి ఎర్రటి రకం చేదు ద్రవం వదులుతుంది, కొన్ని న్యూట్‌లు ఉమ్మేస్తాయి. నీళ్లలో బాగా కడిగి ఇచ్చి చూడండి. మందు చల్లని మట్టిలోవైతే ఇంకా మంచిది. ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్‌లు (గడ్డకట్టించి అమ్మే చిన్న ఎర్రటి పురుగులు) రెండోస్థానం. బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు మురుగునీళ్లలో పెరిగేవి, నీరసంగా ఉన్నదానికి అవి పెట్టొద్దు. బలవంతంగా నోరు తెరవకండి, దవడ చాలా సున్నితం. పావుగంటలో తినకపోతే తీసేసి రేపు మళ్లీ ప్రయత్నించండి.

డాక్టర్ దగ్గరికి

కుక్కలు, పిల్లులు చూసే ప్రతి క్లినిక్ వీటిని చూడదు. వెళ్లే ముందే ఫోన్ చేసి "ఎగ్జోటిక్స్ చూస్తారా, ఉభయచరాలకు వైద్యం చేశారా" అని అడగండి. ఎగ్జోటిక్స్ అంటే కుక్క, పిల్లి లాంటివి కాని అరుదైన పెంపుడు జీవులు. ఎక్కడా దొరక్కపోతే రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలలో అడిగి చూడండి. ఈ పని జబ్బు వచ్చిన రాత్రి కాకుండా బాగున్న రోజే చేసి, నంబరు ఫ్రిజ్ మీద అంటించుకోండి. అత్యవసరంలో ఒక ఊరు చివర నుంచి ఇంకో చివరకు ట్రాఫిక్‌లో తిరుగుతూ వెతకడం ఎంత నరకమో అనుభవించినవాళ్లకు తెలుసు.

తీసుకెళ్లేటప్పుడు తడి టిష్యూ వేసిన చిన్న డబ్బా, ఆ డబ్బాను థర్మాకోల్ పెట్టెలో, పక్కన గుడ్డ చుట్టిన ఐస్ ప్యాక్. నీళ్లు నింపొద్దు, కుదుపులకు అల్లాడిపోతుంది. ఎండ ఎక్కకముందే బయల్దేరండి. అక్వేరియం నీళ్లు ఒక సీసాలో విడిగా పట్టుకెళ్లండి. న్యూట్ బరువు గ్రాముల్లో ముందే చూసుకోండి, వంటింటి డిజిటల్ త్రాసు చాలు. మందు మోతాదు ఆ గ్రాముల మీదే లెక్కేస్తారు. టెస్ట్ కిట్ అంకెలు, రోజువారీ ఉష్ణోగ్రత, ఎప్పటి నుంచి తినట్లేదు, పాత ఫొటో, కొత్త ఫొటో, ఇవన్నీ ఒక కాగితం మీద ఉంటే డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది. యాంటీబయాటిక్ ఇస్తే మధ్యలో బాగున్నట్టు కనిపించినా చెప్పిన రోజులన్నీ వాడాలి.

కాపాడుకోలేకపోతే, ఇంట్లో ఇంకా న్యూట్‌లుంటే, ఒక పని చేయండి. దేహాన్ని తడి టిష్యూలో చుట్టి కవర్‌లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో కాదు. గడ్డకడితే పరీక్షకు పనికిరాదు. ఒక రోజులోపు డాక్టర్‌కు ఇస్తే కారణం తెలిసే అవకాశం ఉంటుంది, మిగిలినవాటికి సమయానికి వైద్యం దొరుకుతుంది.

తిరిగి అక్వేరియంలోకి

వరుసగా రెండు వారాలు తిని, మలం మామూలుగా వచ్చి, గాయం మీద తెల్లటి పోగులు ఏవీ లేకపోతేనే తిరిగి కలపండి. డబ్బాలోనూ, అక్వేరియంలోనూ థర్మామీటర్ ఒకే అంకె చూపించాలి. కలిపాక కొన్నాళ్లు ఒక్కోదానికి విడిగా పట్టకారుతో తినిపించండి. ఒకే పురుగు కోసం ఎగబడినప్పుడే వేళ్లు కొరుక్కుంటాయి.

డబ్బా నీళ్లను చెట్లకు పోయొద్దు, నాలాలో కలపొద్దు. కైట్రిడ్ అనే ఫంగస్ జాతి జబ్బులు ప్రపంచమంతటా కప్పల్ని, సాలమాండర్లని (న్యూట్‌లు కూడా ఈ కుటుంబంవే) తుడిచిపెడుతున్నాయి. మన చెరువుల కప్పలకు అవి మన ఇంటి నుంచి పోకూడదు. నీళ్లలో బ్లీచ్ కలిపి ఒక రోజు ఉంచి, టాయిలెట్‌లో పోసి ఫ్లష్ చేయండి. డబ్బాను కూడా బ్లీచ్‌తో కడిగి, వాసన పూర్తిగా పోయేదాకా నీళ్లతో తొలిచి, రెండు రోజులు ఎండలో పెట్టండి. పెంచలేకపోతున్నామని న్యూట్‌ను చెరువులో వదలడం కూడా ఇదే కారణంగా వద్దు, పైగా మన ఎండకు అది అక్కడ బతకదు.

బొట్టును తిరిగి కలిపింది జూన్ ఆఖరులో. అప్పటికి రాలిపోయిన వేలి చోట ఆవగింజంత మొగ్గ లేచింది. ఇప్పుడు అక్కడ వేలు ఉంది, మిగతావాటి కన్నా రంగు కొంచెం తక్కువ. మూత నాలుగు మూలలా నేను క్లిప్పులు బిగించాను.